తెల్ల గ్లౌజులు

"కళ్ళు మూసుకోండి. తొందరేం లేదు," అంది డాక్టరమ్మ.

క్రేను ఆపరేటర్ బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. మొదట్లో ఈ మాటకే ఆయనకు ఒళ్ళు మండేది. చెడ్డ రోజొకటి నెత్తికెక్కి దిగడం లేదు మొర్రో అని వచ్చినవాణ్ణి పట్టుకుని, మీ జీవితంలో మంచి రోజులు చెప్పండి అంటుందేమిటి ఈవిడ? పంటి నొప్పని వెళ్తే కాలు చాపమన్నట్టు! మొదటి సోమవారం ఇంటికెళ్ళి భార్యతో ఆ మాటే అన్నాడు. "చాపమంటే చాపండి, అరిగిపోతారా?" అని ఆవిడ కొట్టిపారేసింది. ఆవిడ బాధ ఆవిడది. ఐదు నెలలుగా ఇంట్లో చెంచా కింద పడితే చాలు, ఆయన మంచం మీంచి ఎగిరిపడేవాడు. ఆవిడ వంటింటి అరల్లో గిన్నెల కింద గుడ్డలు పరిచి, చప్పుడు చేయకుండా వంట చేయడం నేర్చుకుంది.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. ఆ చెడ్డ రోజు మీ తలలో కుర్చీ వేసుకుని కూర్చుంది, దాన్ని మెడపట్టి గెంటడం నావల్లా కాదు, మీవల్లా కాదు, పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వేసి మంచివాళ్ళని కూర్చోబెడదాం, గది మొత్తం దాని సొంతం కాకుండా చూద్దాం అంది. అందుకని వారానికో మంచి జ్ఞాపకం. ఊరికే జరిగిందని చెబితే ఒప్పుకోదు. ఏం చూశారు, ఏం విన్నారు, ఏం వాసన వచ్చింది, చేతికి ఏం తగిలింది, అన్నీ కావాలి. ఆయన చెబుతుంటే ఆవిడ కలం కాగితం మీద ఆగకుండా నడుస్తూ ఉంటుంది. మొదటి వారం సైకిలు నేర్చుకున్న రోజు చెప్పాడు. రెండో వారం, పెళ్ళైన కొత్తలో భార్యా తనూ ఒకే గొడుగు కోసం పోట్లాడుకుని ఇద్దరూ తడిసిన రోజు. మూడో వారానికి వరసగా నాలుగు గంటలు నిద్రపట్టింది. అప్పటినుంచి ఆయన నోరు మూసుకుని కాలు చాపుతున్నాడు.

"ఇవాళ పనిలో ఒక మంచి రోజు చెప్పండి."

బయట ఎవరో బకెట్ ఈడ్చుకెళ్ళారు.

"డ్రమ్ము దించిన రోజు," అన్నాడు చివరికి. "బాయిలర్ డ్రమ్మమ్మా, బస్సంత ఉంటుంది. యార్డులో దానికోసం దిమ్మెలు కట్టారు. అటు వేలు సందు, ఇటు వేలు సందు. మొదటి దెబ్బకే కూర్చోబెట్టేశాం. నేనూ, మూగన్నా."

మూగన్న మూగవాడేమీ కాదు. యార్డు మొత్తానికి అంత వాగుడుకాయ మరొకడు లేడు. క్రేను ఆపరేటర్‌కి కిందనుంచి చేతులతో సిగ్నల్ ఇవ్వడం అతని పని. పైన క్యాబిన్‌లో ఉన్నవాడికి మాట వినపడదు, చేతులే మాట. అరచెయ్యి కిందికి ఆడిస్తే మెల్లగా దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఎనిమిది గంటలు నోరు కట్టేసుకుని చేతులతో మాట్లాడేవాడు కాబట్టి మూగన్న అయ్యాడు. ఆ ఎనిమిది గంటల మాటలూ టీ దగ్గర ఒక్కసారిగా గుమ్మరించేవాడు. ఆపరేటర్‌ని మాత్రం 'పైవాడు' అనేవాడు. "నాకేం భయం, పైవాడు చూస్తున్నాడుగా!" అని అందర్నీ నవ్వించేవాడు. ఐదు నెలల కిందట, పట్టపగలు, పైవాడు చూస్తుండగానే, దించుతున్న పైపుల కట్ట దొంతర అంచుకి తట్టుకుని ఒరిగి, దొర్లి, మూగన్న మీద పడింది.

"ఏం కనిపిస్తోంది?" అంది డాక్టరమ్మ.

"గ్లౌజులు. తెల్లవి, మోచేతుల దాకా ఉంటాయి. వాళ్ళావిడ పరుపుల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. మిగిలిన పరుపుగుడ్డతో కుట్టిచ్చింది. మాకందరికీ కంపెనీ ఇచ్చిన బూడిదరంగువి. ఇతనివి మాత్రం గాల్లో కొంగలు ఎగిరినట్టుండేవి."

"వాసన?"

"కొత్త పెయింటు. గ్రీజు."

"చేతికి?"

"లివరు. ఎండకి కాలిపోతోంది. డ్రమ్ము కూర్చోగానే కిందందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు మూగన్న ఇలా చేశాడు." ఆపరేటర్ కళ్ళు తెరవకుండానే రెండు చేతులూ దగ్గరకు చేర్చి, పసిబిడ్డను ఊపినట్టు ఊపాడు. "ఈ సిగ్నల్ పుస్తకంలో లేదమ్మా. బిడ్డని పడుకోబెట్టేశాం అని!"

ఆయన నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినపడి కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతోంది.

"శుక్రవారం దాకా రోజూ ఇదే తీసుకోండి," అంది. "ఇంకా దగ్గరికి వెళ్ళండి. అతనెక్కడ నిలబడ్డాడు, మీరెలా కూర్చున్నారు, మీ రెండు చేతులూ ఏం చేస్తున్నాయి, అన్నీ చూడండి. ఈ వారం ఇలాగే గడిస్తే శుక్రవారం లెటర్ రాసిస్తాను. మళ్ళీ క్యాబిన్ ఎక్కొచ్చు."

ఆ మాటకి ఆపరేటర్‌కి ఏనుగెక్కినట్టయింది. ఇరవై ఎనిమిదేళ్ళు క్యాబిన్‌లో కూర్చున్న మనిషి. ఐదు నెలలుగా కింద సామాన్ల గదిలో ఉంచితే, నేల మీద నడవడం కూడా తనకు చేతకాని పనిలా ఉంది.

*

యార్డులో పని మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడతారు. సేఫ్టీ ఆఫీసర్ కుర్రవాడు, మంచివాడే, కాస్త పుస్తకాల మనిషి. గోడకి నల్లబోర్డు ఒకటి పెట్టించి, దాని మీద పసుపు గీత, గీత లోపల ఒక మనిషి బొమ్మ, ఆ బొమ్మ మీద ఎర్ర సుద్దతో అడ్డంగా రెండు గీతలు వేశాడు. క్రేను కొక్కేనికి బరువు వేలాడుతున్నంతసేపు ఎవరూ దాటకూడని గీత అది. యార్డు నేల మీద కూడా ఉంటుంది, జానెడు వెడల్పు.

"గీత దాటితే?" అని అరిచాడు మంగళవారం పొద్దున.

"మూగన్న!" అన్నారు అందరూ.

"మనం దాటతామా?"

"దాటం!"

ఇది ఐదు నెలలుగా నడుస్తున్నదే. మొదటి రోజు కొందరు ఆ పేరు పలకలేకపోయారు. వారానికి అలవాటైపోయింది. ఇప్పుడైతే చంకలో టిఫిన్ డబ్బా, నోట్లో ఆవులింత, మధ్యలో మూగన్న. ఒకడు అరవడం ఆలస్యమైతే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. మనిషి పోయి ఆరు నెలలు కాలేదు, పేరు తీసుకెళ్ళి తప్పుకి పెట్టేశారు.

ఆపరేటర్ కూడా పెదవులు కదిపాడు. రోజూ కదుపుతూనే ఉన్నాడు. విచారణలో ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదీ అదే: సిగ్నల్ ఇచ్చే మనిషి గీత దాటి లోపలికొచ్చాడు, ఎందుకొచ్చాడో నాకు తెలియదు. అప్పుడాయన ఉన్న స్థితిలో తన పేరు అడిగినా తెలియదనే అనేవాడు. కానీ ఆ తర్వాత ఐదు నెలలు గడిచాయి కదా అని ఎవరూ అడగలేదు. ఆయనా అనుకోలేదు.

*

సామాన్ల గదిలో ఆయన పని బరువులెత్తే ఇనుప తాళ్ళను పరీక్షించడం. నూలుగుడ్డ ఒకటి తాడు చుట్టూ పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసకి లాగాలి. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ పట్టేస్తుంది. అక్కడ ఎర్ర రంగు పూసి పక్కన పడేయాలి. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. ఆయనకది ఒక విధంగా మేలే అయింది.

ఎడమ కంట్లో పొర వచ్చి మూడేళ్ళయింది. కుడికన్నూ దాని బాటలోనే ఉంది. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. ఏటా జరిగే కళ్ళ పరీక్షలో వేలాడదీసే అట్ట ఒకటే కాబట్టి దాన్ని బట్టీ పట్టాడు. వరసలో ముందు నిలబడి కింది రెండు లైన్లూ చదివి, వెనక్కి తిరిగి చెవిలో ఊదిన గురువు మూగన్న. తెల్ల గ్లౌజుల ఆలోచనా అతనిదే. "నీ కళ్ళు పెద్దవి చేయలేను కానీ నా చేతులు పెద్దవి చేస్తాలే," అన్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే ఆరు వారాలు కిందుండాలి, ఆపైన క్యాబిన్ ఇస్తారో లేదో. వచ్చే నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అంటూ ఆపరేటర్ ముప్పై ఆరు నెలలు దొర్లించేశాడు.

అయినా ఆ కంటికీ మూగన్న గీత దాటడానికీ ఆయన ఎప్పుడూ ముడిపెట్టలేదు. గ్లౌజులతో ఆ ఇబ్బంది తీరిపోయిందనుకున్నాడు. గీత దాటడం మూగన్న దూకుడే అనుకున్నాడు. అలా అనుకోవడం సుఖంగా కూడా ఉంది.

బుధవారం మధ్యాహ్నం, గుడ్డ చేతిలో ఉండగానే, డాక్టరమ్మ చెప్పినట్టు కళ్ళు మూసుకుని ఆ రోజులోకి వెళ్ళాడు. పెయింటు వాసన వచ్చింది. కుర్చీ తోలు వీపుకి అంటుకుంది. ఎదురెండ. ఇది సోమవారం గుర్తుకి రాలేదు. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు, కింద అంతా తెల్లగా మండుతోంది, ఆ తెలుపులో తెల్ల గ్లౌజులు కరిగిపోయాయి. డ్రమ్ము గాల్లో ఉంది. కుడిచెయ్యి లివరు మీద ఉంది.

ఎడమ చెయ్యి?

మీ రెండు చేతులూ ఏం చేస్తున్నాయి అంది డాక్టరమ్మ. ఆయన వెతికాడు. ఎడమ చెయ్యి లోపలెక్కడా లేదు. కిటికీ బయట ఉంది. భుజం దాకా బయటికి చాపి, నాలుగు వేళ్ళూ కలిపి ఆడిస్తోంది. రా. ఇంకాస్త రా.

సిగ్నల్ ఎప్పుడూ కిందనుంచి పైకి వెళ్ళాలి. పైవాడు చూడాలి, చేయాలి, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఒక్కసారి సిగ్నల్ పైనుంచి కిందికి వెళ్ళింది. మూగన్న కాళ్ళ దగ్గరున్న పసుపు గీత చూసుకున్నాడు. తలెత్తి పైకి చూశాడు. నవ్వి, అంగవేసి లోపలికొచ్చాడు. ఎనిమిది అడుగులు. ఆ నవ్వులో పళ్ళు కూడా కనపడ్డాయి. గీత అవతలే ఉంటే ఆ కళ్ళకి పళ్ళేం కనపడతాయి?

ఆ మర్నాటినుంచి పిలవాల్సిన అవసరమే రాలేదు. ఎండున్నా లేకపోయినా మూగన్న తనంతట తనే వచ్చి ఆ ఎనిమిది అడుగుల దగ్గర నిలబడేవాడు. చూసేవాళ్ళకి అది అతని దూకుడు.

ఆపరేటర్ కళ్ళు తెరిచాడు. తాడు ఒడిలో ఉంది. అరచేతిలో తెగిన తీగ దిగి గుడ్డ ఎర్రబడింది. ఆయన ఏడ్చాడు. మూగన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు, ఆ రోజు భయపడ్డాడంతే. తన బతుకులోకెల్లా మంచి రోజని ఏరుకుని, మూడు రోజులుగా మందులా వేసుకుంటున్న రోజు, మూగన్న చావుకి మొదటి రోజు.

*

గురువారం భోజనాల వేళ పర్మిషన్ అడిగి పరుపుల దుకాణానికి వెళ్ళాడు. వెనక గదిలో మూడు మిషన్లున్నాయి. ఇద్దరు తినడానికెళ్ళారు. మూగన్న భార్య ఒక్కతే, ఒడిలో పెద్ద తెల్లగుడ్డ వేసుకుని అంచు కుడుతోంది.

"రా అన్నయ్యా," అని స్టూలు చూపించింది. "నాలుగు కుట్లు వేసి వచ్చేస్తా. ఒంట్లో బాగుందా? డాక్టర్ దగ్గరికి వెళ్తున్నావటగా, వదిన చెప్పింది."

"వెళ్తున్నా చెల్లెమ్మా."

"నన్నూ వెళ్ళమన్నారు. వెళ్ళి ఏం చెప్పను? నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువుందని చెప్పనా?" మిషను ఆపలేదు. "గీత దాటకూడదని నేల మీద రాసే ఉంటుందట. చదువుకున్నవాడే కదా. నాతో సినిమాకి రావడానికి రోడ్డు దాటాలంటే పదిసార్లు అటూ ఇటూ చూసే మనిషి. నన్ను ఇలా వదిలిపోవడానికి ఒక గీత అడ్డం రాలేదా? రోజూ ఆయన పేరు పెట్టి అరుస్తారటగా మీ యార్డులో? నిజమేనా?"

"నిజమే."

"అరవనీ. తప్పు చేసినవాడి పేరు ఏం చేసుకుంటే ఏం."

ఆపరేటర్ చెప్పాలనుకున్న మాటలు ఇంటినుంచి వరసగా పేర్చుకునే వచ్చాడు. వరస అంతా చెదిరిపోయింది. దొరికిన కొసనుంచి మొదలుపెట్టాడు. కంటి పొర చెప్పాడు. అట్ట బట్టీ పట్టడం చెప్పాడు. ఎదురెండలో డ్రమ్ము, కిటికీ బయటి చెయ్యి, ఎనిమిది అడుగులు, అన్నీ చెప్పాడు. "వాడంతట వాడు దాటలేదమ్మా. నేను పిలిచాను. పిలిస్తే వచ్చాడు," అన్నాడు.

మిషను ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలియదు. ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఏడ్చాక ఎప్పటికో ఒకనాటికి, పోనీలే అన్నయ్యా, ఇప్పటికైనా చెప్పావు, అంటుందేమోనన్న ఆశ కూడా మనసులో ఒక మూల ఉంది. ఆ ఆశతోనే వచ్చాడు, దాచడం ఎందుకు.

"అయితే ఆ గ్లౌజులు నీకోసమా?" అంది ఆవిడ నెమ్మదిగా.

"నాకోసమే."

"తెల్లగా ఉండాలని అందుకా రోజూ నా ప్రాణం తీసేవాడు?" ఆవిడ గొంతు మారింది. "సోకు అనుకున్నా అన్నయ్యా. రాత్రి తిండి తినగానే గ్లౌజులు ఉతికావా, ఉతికావా అని ఒకటే గోల. నీ పేరు బయటపెట్టకూడదని నాకూ చెప్పలేదన్నమాట. పోయినదానికి ముందురోజు నాకు ఒళ్ళు బాగాలేదు. విసుగొచ్చి, రోజూ నీ గ్లౌజులకి చాకిరీ చేయడానికేనా నేనుంది, ఒక్కరోజు మురికివి వేసుకెళ్తే కొంపలంటుకుంటాయా అన్నాను. మాట్లాడకుండా ఆ మురికివే వేసుకెళ్ళాడు." ఆవిడ లేచింది. గోడకున్న సంచిలోంచి గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రివాళ్ళు తిరిగిచ్చినవి. ఉతికి, మడిచి, ఇస్త్రీ కూడా చేసి ఉన్నాయి. "తర్వాత ఉతికాను. ఎందుకుతికానో తెలీదు."

ఆపరేటర్ వాటివైపు చూడలేకపోయాడు.

"నిజం చెప్పు అన్నయ్యా. మురికిగా ఉండబట్టేనా నీకు కనపడలేదు?"

నిజమేమిటో ఆయనకి తెలుసు. ఐదు నెలలుగా ఆ చెడ్డ రోజు బొమ్మలో ఆ చేతులు బూడిదరంగులోనే ఉంటాయి. బూడిదరంగు పైపుల ముందు బూడిదరంగు చేతులు. ఆ రోజు మూగన్న ఎనిమిదడుగులు చాలవని పన్నెండడుగులు లోపలికి వచ్చాడు. అయినా అది పిడికిలో అరచెయ్యో ఆయన పోల్చుకోలేకపోయాడు. మెల్లగా దించమంటున్నాడనుకుని దించాడు.

ఆవిడ చూస్తోంది. ఆ చూపులో ఐదు నెలల కోపం లేదు, అది ఎప్పుడో జారిపోయింది. దాని చోట్లోకి ఇంకొకటి వచ్చి కూర్చోబోతోంది. అది ఎలాంటిదో, ఒకసారి కూర్చుంటే లేవమన్నా లేవదని ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"కాదమ్మా," అన్నాడు. "అంత దగ్గరికొచ్చాక మురికైతేనేం, శుభ్రమైతేనేం? పిడికిలి బాగానే కనపడింది. ఆపమన్నాడు. నా ధ్యాస ఎక్కడో ఉంది. చూసీ ఆపలేదు."

"చూశావా?"

"చూశాను."

"చూసి కూడా దించావా?"

"దించాను."

ఒక్క అబద్ధం దించుకుందామని వచ్చిన మనిషి, అంతకంటే బరువైనదాన్ని ఎత్తుకున్నాడు. ఆవిడ గ్లౌజులు మళ్ళీ సంచిలో పెట్టి, మిషను ముందు కూర్చుంది. దారం తెగి ఉంటే కొస తడిపి సూదిలోకి ఎక్కించింది.

"వెళ్ళు," అంది.

వెళ్ళు అన్నయ్యా అనలేదు. గుమ్మం దాటాక వెనకనుంచి మిషను మళ్ళీ మొదలైన చప్పుడు వినపడింది.

*

శుక్రవారం పొద్దున్నే, వరస కట్టకముందే, ఆపరేటర్ రెండు పేజీల కాగితం తీసుకెళ్ళి సేఫ్టీ ఆఫీసర్ చేతిలో పెట్టాడు. అతను నిలబడి మొదలుపెట్టినవాడు కూర్చుని పూర్తి చేశాడు.

"బాబాయ్, కంటి సంగతి సరే, పిలవడం సరే. చివర్లో ఇదేంటి? 'సిగ్నల్ స్పష్టంగా కనపడింది, నేను ఆపలేదు' అని రాశారు. కనపడలేదంటే జాలిపడతారు. కనపడిందంటే ఉద్యోగం పోవడంతో ఆగదు. ఈ లైను తీసేయండి."

"ఉండనీ బాబూ. ఆవిడ కూడా చదువుతుంది కదా ఈ కాగితం?"

"అడిగితే ఇవ్వాలి."

"అందుకే ఉండనీ."

అతనికి అర్థం కాలేదు, అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకుని బోర్డు దగ్గరికెళ్ళాడు. తడిగుడ్డతో ఆ మనిషి బొమ్మని తుడిచాడు. ఎర్ర సుద్ద ఒక పట్టాన పోలేదు. తర్వాత అలవాటు చొప్పున "గీత దాటితే?" అని అరిచేశాడు. అలవాటు చొప్పునే అందరూ "మూగన్న!" అన్నారు.

"ఆ పేరు ఇక వద్దు," అన్నాడు అతను. ఎందుకని ఎవరో అడిగారు. అతను ఆపరేటర్ వైపు చూశాడు. వరసలు వరసలే అటు తిరిగాయి. ఆయన చేతులు కట్టుకుని అందరి చూపులకీ ఎదురుగా నిలబడ్డాడు. దూరంగా ఉన్న మొహాలు ఆయనకి కనపడలేదు.

సాయంత్రం డాక్టరమ్మ బల్ల మీద లెటర్ సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆయన దాన్ని వేలితో వెనక్కి తోసి, ఇంక అవసరం లేదమ్మా అన్నాడు. జరిగింది చెప్పాడు. కిటికీ బయటి చెయ్యి దాకా, ఎనిమిది అడుగుల దాకా ఆవిడ కలం రాస్తూనే ఉంది.

"అయితే ఆ జ్ఞాపకం వదిలేద్దామా? వేరేది తీసుకుందాం," అంది జాలిగా.

"వద్దమ్మా. అదే ఉంచండి." ఆయన అడగకుండానే కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి చేరాయి, ఊపలేదు.

"ఏం కనిపిస్తోంది?"

"గ్లౌజులు."

"ఎలా ఉన్నాయి?"

"తెల్లగా. రోజూ ఉతికేది ఆ అమ్మాయి. ఒక్క రోజే ఉతకలేదు." ఆయన కళ్ళు తెరిచాడు. "నాకా రోజు పిడికిలి కనపడలేదమ్మా. కనపడిందని చెప్పాను. ఈ ఒక్క ముక్కా కాగితం మీద పెట్టకండి."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.